బొగ్గుగని నుండి బంతి మైదానానికి

పాఠ్యభాగ ఉద్దేశం:

ఆట చూసేవారికి వినోదం. ఆడేవారికి అది శ్రమ, జీవనాధారం. ఈ సత్యాన్ని తన జీవితం ద్వారా చాటిన వేల్స్ దేశపు తొలితరం ఫుట్‌బాల్ క్రీడాకారుడు బిల్లీ మెరిడిత్. అతని చరిత్రను పరిచయం చేయడం, గొప్పవారి కీర్తినీ కళంకాన్నీ ఒకే విచక్షణతో పరిశీలించే అలవాటును విద్యార్థులలో పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం:

వేల్స్, ఇంగ్లాండుల సరిహద్దుకు చేరువలో చర్క్ అనే చిన్న ఊరు ఉంది. ఆనాడు ఆ పరిసరాల ప్రజలకు బొగ్గుగనులే ప్రధాన జీవనాధారం. ఆ ఊరి సమీపంలోని బ్లాక్ పార్క్‌లో 1874 జూలై 30వ తేదీన విలియం హెన్రీ మెరిడిత్ జన్మించాడు. లోకం అతనిని బిల్లీ మెరిడిత్ అని పిలుచుకున్నది. పన్నెండేళ్ల వయసులోనే అతడు గనిలో పనికి కుదిరాడు. భూగర్భంలో బొగ్గు టబ్బులను లాగే పొట్టి గుర్రాలను తోలడం అతని తొలి ఉద్యోగం. సూర్యకాంతి సోకని సొరంగాలలో పగలంతా గడిపిన ఆ బాలునికి బంతి ఆటయే వెలుగయింది.

చర్క్ పాఠశాలలో థామస్ అనే ఉపాధ్యాయుడు ఉండేవాడు. పాఠాలతో పాటు ఫుట్‌బాల్‌ను కూడా శ్రద్ధగా నేర్పిన ఆయన శిక్షణలో పలువురు జాతీయస్థాయి ఆటగాళ్లు తయారయ్యారు. మెరిడిత్ కూడా ఆ వాతావరణంలో ఎదిగినవాడే. 1894లో చర్క్ జట్టు వేల్స్ కప్పు గెలిచినప్పుడు అతడు ఆ జట్టులో ఉన్నాడు. అదే సంవత్సరం అక్టోబరులో మాంచెస్టర్ సిటీ క్లబ్బు అతనిని చేర్చుకొన్నది. అయినా గని ఉద్యోగాన్ని అతడు వెంటనే వదలలేదు. ఆట ఎంతకాలం అన్నం పెడుతుందో ఎవరు చెప్పగలరు? అందుకే కొంతకాలం వారమంతా గనిలో శ్రమించి, పోటీ ఉన్న రోజున రైలెక్కి మాంచెస్టరు వెళ్లి ఆడేవాడు. నవంబరులో పొరుగు జట్టయిన న్యూటన్ హీత్‌తో జరిగిన పోటీలో సిటీ 5-2 తేడాతో ఓడిపోయినా, సిటీ చేసిన రెండు గోల్సూ మెరిడిత్ చేసినవే. ఆ న్యూటన్ హీత్ క్లబ్బే 1902లో మాంచెస్టర్ యునైటెడ్‌గా పేరు మార్చుకొన్నది.

ముందువరుసలో కుడి అంచున ఆడడం మెరిడిత్ ప్రత్యేకత. బంతిని కాలికి అంటిపెట్టుకొని మైదానం అంచు వెంట దూసుకుపోవడం, ఎదుటివారిని ఏమార్చి గోలు ముందున్న సహచరునికి బంతి అందించడం, అవకాశం చిక్కితే తానే గోలు చేయడం అతని ఆటతీరు. ఆడుతున్నంతసేపూ నోట ఒక పళ్లపుల్లను నములుతూ ఉండడం అతని అలవాటు. వ్యంగ్య చిత్రకారులకు ఆ పుల్లయే అతని గుర్తుగా మారింది. 1904 ఏప్రిల్ 23న లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్ మైదానంలో ఎఫ్.ఎ. కప్పు ఫైనల్ జరిగింది. ప్రత్యర్థి జట్టు బోల్టన్ వాండరర్స్. సిటీ నాయకుడైన మెరిడిత్ చేసిన ఒకే ఒక్క గోలుతో ఆ జట్టు మొదటిసారిగా ఆ కప్పును అందుకొన్నది.

కీర్తి శిఖరాన్ని చేరిన మరుసటి ఏడాదే అతని జీవితంలో చీకటి అలముకొన్నది. 1905లో ఒక కీలకమైన పోటీలో ఓడిపోవడానికి ప్రత్యర్థి ఆటగానికి పది పౌండ్లు ఇవ్వజూపినట్లు అతనిపై నేరారోపణ వచ్చింది. ఫుట్‌బాల్ అసోసియేషన్ విచారించి అతనిని ఆట నుండి నిషేధించింది. మెరిడిత్ మొదట ఈ ఆరోపణను ఖండించాడు. తరువాత అది నిజమేనని ఒప్పుకొని, ఆ పని క్లబ్బు నిర్వాహకుని ప్రేరణతో చేశానని చెప్పాడు. అంతటితో ఆగక, క్లబ్బులో రహస్యంగా సాగుతున్న చెల్లింపులను కూడా బయటపెట్టాడు.

ఈ రహస్య చెల్లింపుల వెనుక ఒక నియమం ఉన్నది. 1901 నుండి ఏ ఆటగానికైనా వారానికి నాలుగు పౌండ్లకు మించి వేతనం ఇవ్వరాదని కట్టడి ఉండేది. వేలాదిమంది ప్రేక్షకులు టిక్కెట్టు కొని వచ్చినా, క్లబ్బుల ఆదాయం ఎంత పెరిగినా ఆటగాని వేతనం మాత్రం ఆ గీత దాటరాదు. అనుమతి లేనిదే మరొక క్లబ్బుకు మారే స్వేచ్ఛ కూడా అతనికి లేదు. ఈ నియమాన్ని పలు క్లబ్బులు చాటుగా అతిక్రమించేవి. 1906లో సిటీ క్లబ్బుకు చెందిన 17 మంది ఆటగాళ్లకు అసోసియేషన్ జరిమానా, నిషేధం విధించింది. వారు మళ్లీ ఆ క్లబ్బుకు ఆడరాదని శాసించింది. అన్యాయమైన నియమం ఉన్నంత మాత్రాన లంచం ధర్మం కాదు. మెరిడిత్ చేసినది తప్పే. అయితే ఆ తప్పు వెలుగులోకి వచ్చిన తరువాత అతడు ఏ మార్గాన నడిచాడన్నది అంతకంటె ముఖ్యమైన విషయం.

నిషేధం ముగిసి, 1907 జనవరి 1న అతడు మాంచెస్టర్ యునైటెడ్ తరఫున మైదానంలో అడుగుపెట్టాడు. ఆ జట్టు 1908, 1911 సంవత్సరాలలో లీగ్ విజేతగా, 1909లో ఎఫ్.ఎ. కప్పు విజేతగా నిలవడంలో అతని పాత్ర ఎంతో ఉంది. అంతకంటె గొప్ప కార్యం మైదానం వెలుపల జరిగింది. 1907 డిసెంబరు 2న మాంచెస్టరులోని ఇంపీరియల్ హోటల్‌లో ఆటగాళ్లు సమావేశమై తమ సంఘాన్ని స్థాపించుకొన్నారు. ఆ సభకు మెరిడిత్ అధ్యక్షత వహించాడు. వేతన పరిమితి తొలగాలి, క్లబ్బు మారే హక్కు కావాలి, గాయపడిన ఆటగానికి ఇతర కార్మికులవలె పరిహారం అందాలి - ఇవి వారి కోరికలు. గనిలో కార్మికుని కష్టం ఎరిగినవానికి మైదానంలోని కష్టం శ్రమగా కనిపించడంలో వింత లేదు.

1909లో అసోసియేషన్ ఈ సంఘానికి గుర్తింపు రద్దుచేసి, రాజీనామా చేయని ఆటగాళ్లను బహిష్కరిస్తామని హెచ్చరించింది. భయపడి పలువురు వెనుదిరిగారు. యునైటెడ్ ఆటగాళ్లు మాత్రం తలవంచలేదు. తమను తాము 'వెలివేయబడినవారి జట్టు' అని చెప్పుకొంటూ విడిగా సాధన చేశారు. చివరకు పోటీలు మొదలయ్యే వేళకు రాజీ కుదిరి సంఘానికి గుర్తింపు లభించింది. వేతన పరిమితి మాత్రం తొలగలేదు.

స్వదేశమైన వేల్స్ తరఫున మెరిడిత్ 1895 నుండి 1920 వరకు 48 అధికారిక పోటీలు ఆడి 11 గోల్స్ చేశాడు. అతని కాలంలో 1907లో వేల్స్ తొలిసారిగా బ్రిటిష్ దేశాల పోటీలో విజేత అయింది. 1920 మార్చి 15న లండన్‌లో ఇంగ్లాండును వేల్స్ 2-1 తేడాతో ఓడించింది. అప్పటికి అతని వయసు 45 దాటింది. పాతికేళ్లు నిరీక్షించిన ఆ విజయమే దేశం తరఫున అతని చివరి పోటీ అయింది. 1921లో తిరిగి సిటీకి చేరిన అతడు 1924లో, యాభయ్యవ ఏట, ఎఫ్.ఎ. కప్పు సెమీఫైనల్ ఆడి విశ్రమించాడు.

1958 ఏప్రిల్ 19న మాంచెస్టరులో మెరిడిత్ కన్నుమూశాడు. వేలాదిమంది జేజేలు అందుకొన్న ఆ క్రీడాకారుని సమాధిపై చాలాకాలం పేరు చెక్కిన రాయి కూడా లేదు. అతడు మరణించిన మూడేళ్లకు, 1961లో, వేతన పరిమితి రద్దయింది. ఆ ఫలాన్ని అతడు అనుభవించలేదు. కాని చెట్టు నాటినవారిలో అతడు ఒకడు. నేటి క్రీడాకారులు గౌరవప్రదమైన వేతనం అందుకొంటున్నారంటే, దాని వెనుక ఈ గని కార్మికుని పట్టుదల కూడా ఉన్నది.

కఠిన పదాలకు అర్థాలు:

విచక్షణ = మంచిచెడులను వేరుచేసి చూసే తెలివి
కళంకం = మచ్చ, అపకీర్తి
ప్రేరణ = పురికొల్పడం
అతిక్రమించు = మీరు, దాటు
నిరీక్షించు = ఎదురుచూచు

ప్రశ్నలు:

1. మెరిడిత్ బాల్యాన్ని, క్రీడాజీవిత ప్రారంభాన్ని వివరించండి.
2. 'అన్యాయమైన నియమం ఉన్నంత మాత్రాన లంచం ధర్మం కాదు' - ఈ వాక్యాన్ని సందర్భసహితంగా వ్యాఖ్యానించండి.
3. ఆటగాళ్ల సంఘం కోరికలు ఏవి? అవి న్యాయమైనవేనా? మీ అభిప్రాయం రాయండి.