పిల్లల బడి: నగరంలోనా, శివారులోనా?



పని కొరకు బెంగళూరు వచ్చిన మనవారిలో కొందరు శివాజీనగర్, అల్సూరులలో, ఎక్కువమంది కె.ఆర్.పురం, వైట్‌ఫీల్డ్, ఆనేకల్ వైపు ఉంటున్నారు. నగరంలోని సర్కారు బడే మేలని ఆరేళ్ల బిడ్డను రెండు బస్సులెక్కించి పంపుట తగునా? దూరపు కొండలు నునుపు. మూడు సంగతులు చూడండి.

1. దూరము: విద్యాహక్కు చట్టం (2009) కేంద్ర నియమాల ప్రకారం 1–5 తరగతులకు 1 కి.మీ., 6–8 తరగతులకు 3 కి.మీ. నడక దూరంలో బడి ఉండవలెను. అలసిన బిడ్డకు పాఠము ఎక్కదు.

2. ఉపాధ్యాయులు: ప్రాథమిక పాఠశాలలో 60 మంది పిల్లల వరకు ఇద్దరుండవలెను. భవనమును కాదు, వారిని లెక్కించండి. ఒక్కరే ఐదు తరగతులు చెప్పుచున్నచో మరియొక బడి వెదకండి.

3. భాష: 2015 నాటి కర్ణాటక చట్టం బడులలో కన్నడ బోధనను తప్పనిసరి చేసినది. నగరమైనా, శివారైనా అంతే. లిపి మనకు దగ్గరిదే. తెలుగు అక్షరములు ఇంటివద్ద మీరే దిద్దించండి.

పనిచోటు మారి నడుమ సంవత్సరంలో బడి మార్చవలసివస్తే వెనుకాడకండి. 8వ తరగతి వరకు, వయస్సు రుజువు లేదనిగాని, సర్కారు బడి టి.సి. ఆలస్యమైనదనిగాని చేర్చుకొనుట మానరాదని అదే విద్యాహక్కు చట్టం చెప్పుచున్నది.

చర్చించుటకు: మీ ఇంటి దగ్గరి బడిని పాఠాలు జరిగే వేళ స్వయముగా చూచితిరా?