రహీం సాహెబు

సికింద్రాబాదులోని అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాం పేదింటి బిడ్డ. అతని ఆట చూసి ముగ్ధులైన సయ్యద్ అబ్దుల్ రహీం, శిక్షణకై హైదరాబాదు రమ్మన్నారు. అంతదూరం వచ్చే స్తోమత లేదని బలరాం చెప్పగా, సైకిలు అద్దె తామే భరించారు.

రహీం (1909–1963) వృత్తిరీత్యా ఉపాధ్యాయులు. 1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకులయ్యారు. ఆ జట్టు వరుసగా ఐదేండ్లు రోవర్స్ కప్పు గెలుచుకొంది. 1951లో ఆయన శిక్షణలోనే భారత జట్టు ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణపతకం సాధించింది.

మరుసటి యేడు హెల్సింకీ ఒలింపిక్స్‌లో మనవారిలో పలువురు బూట్లు లేకుండానే బరిలోకి దిగారు. యుగోస్లావియా పది గోల్స్ చేయగా, మనకు దక్కినది ఒక్కటే! దాడి ఎంత సొగసుగా ఉన్నా, కోటగోడ బలహీనమైతే ఫలమేమి? క్రమంగా వెనుక నలుగురు, నడుమ ఇద్దరు, ముందు నలుగురు నిలిచే వ్యూహాన్ని రహీం అలవరచారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ నాలుగవ స్థానంలో నిలిచింది.

1962 జకార్తా ఆసియా క్రీడల నాటికి ఆయనను క్యాన్సర్ పీడిస్తున్నది. రక్షణకు మూలస్తంభమైన జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. రహీం అతనిని పక్కన కూర్చోబెట్టలేదు. దాడి వరుసకు పంపారు. సాహసమే! సెప్టెంబరు 4న దక్షిణ కొరియాతో జరిగిన ఫైనల్లో జర్నైల్ గోల్ చేశాడు. భారత్ 2–1తో నెగ్గింది. అద్దె సైకిలుపై శిక్షణకు వచ్చిన బలరాం కూడా ఆ జట్టులో ఉన్నాడు.

1963 జూన్ 11న రహీం కన్నుమూశారు.