తలక్రిందులైన దేశము

సత్యరాజాచార్యులు దేశాటనము చేయుచు ఒక వింత రాజ్యమును చేరెను. అచ్చట అధికారమంతయు స్త్రీలదే. పురుషులు ఇల్లు కదలరాదు. పురుషునికి పత్నియే దైవము, పత్నీవ్రత్యమే పరమధర్మము. భార్య గతించిన పురుషునికి, మన దేశమున వితంతువులు పడిన బాధలే విధి.

ఆ రాజ్యము పేరు ఆడుమళయాళము. జానపదుల కథలలో ఆ పేరు ముందే కలదు. దానికి ఈ రూపమునిచ్చినవారు కందుకూరి వీరేశలింగము పంతులుగారు (1848-1919). ‘సత్యరాజా పూర్వదేశయాత్రలు’ అను ఈ నవల 19వ శతాబ్దపు చివరి దశకమున ‘చింతామణి’ పత్రికలో వెలువడెను. ఆంగ్ల రచయిత స్విఫ్టు 1726లో ప్రకటించిన గలివరు యాత్రలు దీనికి మేలుబంతి. అయినను ఇందలి గురి మాత్రము తెలుగువారి యిండ్లమీదనే.

బాలికలకు విద్య కావలెనని పంతులుగారు ఎన్నియో వ్యాసములు వ్రాసిరి. 1874లోనే ధవళేశ్వరమున బాలికలకు పాఠశాల నెలకొల్పిరి. వాదించినచో పెద్దలు ప్రతివాదము చేయుదురు. కథ చెప్పినచో వినక తప్పదు గదా! మగవానిని మూలగదిలో కూర్చుండబెట్టుట చదివి పాఠకుడు మొదట పకపక నవ్వును. పిమ్మట, ‘ఇదెక్కడి అన్యాయము!’ అనుకొనును. ఆ మాట నోటనుండి వెడలిన మరుక్షణమున తన యింటి వంటగది వానికి జ్ఞప్తికి వచ్చును. భక్తి యొకరివంతు, ఏలుబడి వేరొకరివంతు అయిన చోట దాంపత్యమున అనురాగము నిలుచునా? పంతులుగారు ఈ ప్రశ్నను సూటిగా అడుగరు. నవ్వించి, పాఠకునిచేతనే అడిగింతురు. హాస్యము ఒక్కొక్కచోట మోతాదు మించినమాట నిజమే. సత్యరాజు లంకకుపోయి మహాకాయుల నడుమ చిక్కుకొను రెండవ భాగము వినోదకరమే గాని, మొదటిదానియందలి పదును దానికి లేదు.

ఈ నవ్వు వెనుక పంతులుగారు పడిన పాట్లు సామాన్యములు కావు. వితంతు వివాహము 1856 నుండియు చట్టసమ్మతమే. అయినను 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున ఆయన మొదటి వితంతు వివాహమును జరిపించినప్పుడు ఊరు భగ్గుమనెను. వంటవారు రామనిరి, నీళ్లు తెచ్చువారు మానిరి. అప్పుడు ఆయన సహధర్మచారిణి రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరికిపోయి నీళ్లు మోసితెచ్చి, పెండ్లివారికి వండి వడ్డించిరి. పురుషులకు పత్నీవ్రత్యమును విధించిన నవల వెలువడుట ఆ తరువాత సుమారు పదేండ్లకు.