తొలి రౌండులోనే బలమైన ప్రత్యర్థి

ప్రశ్న: మా అబ్బాయికి పన్నెండేళ్లు, చెస్‌లో క్లాసికల్ ఫిడే రేటింగ్ 1500. ఓపెన్ టోర్నీల్లో తొలి రౌండులోనే 1900 రేటింగ్ వాళ్లు తగులుతున్నారు. డ్రా కోసమే ఆడమనాలా?
– ఒక తల్లి, అశోక్‌నగర్

జవాబు: వద్దండి. స్విస్ పద్ధతిలో తొలి రౌండున జాబితా పైసగంవారికి కిందిసగంవారితోనే జోడీ పడుతుంది. 400 తేడా ఉంటే మీవాడి అంచనా స్కోరు 0.08. అతని కె (రేటింగ్ మార్పును లెక్కించే గుణకం) 40 కనుక ఓడితే పోయేది 3.2 పాయింట్లే, డ్రా అయితే 16.8, గెలిస్తే 36.8 వస్తాయి. ఒత్తిడంతా పైవాడిదే. వరంగల్ గ్రాండ్‌మాస్టర్ అర్జున్ ఎరిగైసి తక్కువ రేటింగ్ వాళ్లతో ఓపెన్లు ఆడుతూనే 2024 డిసెంబరు జాబితాలో 2800 దాటాడు. భయంతో పావులన్నీ మార్చేసుకుంటే ఎండ్‌గేమ్‌లో అనుభవానిదే పైచేయి. తెలిసిన ఓపెనింగే ఆడి, గడియారంలో సమయం మిగుల్చుకోమనండి. ఓడినా ఆట ముగిశాక ఆ ప్రత్యర్థితోనే కూర్చుని విశ్లేషించమనండి.