చేతివ్రాతయు, మెదడులోని తెల్లని బాటలును

“మావాడు తెలివిగలవాడే, పాఠము గడగడ నప్పజెప్పును. వ్రాత మాత్రము కోడి కెలికినట్లుండును. రెండు దెబ్బలు వేసియైనను దారిలో పెట్టుడు” అని ప్రతి సంవత్సరము కొందరు తలిదండ్రులు మాతో చెప్పుచుందురు. ‘దారి’ యనుమాట వారెరుగకయే సరిగా వాడుచున్నారు. మెదడునుండి చేతికి నిజముగానే యొక దారి కలదు. అది యెట్లేర్పడునో తెలిసికొన్నచో, దెబ్బలతో పనిలేదని మీరే యొప్పుకొందురు.

మెదడు పైపొర బూడిదరంగున నుండును. ఆజ్ఞలు పుట్టు నాడీకణములు అందు గలవు. ఆ పొర క్రింద నున్న తెల్లని పదార్థము, ఆజ్ఞలను మోసికొనిపోవు నాడీతంతువుల కట్టల సముదాయము. అనేక తంతువులకు మైలిన్ అను క్రొవ్వుతో గూడిన తొడుగుండుటచేతనే ఆ తెలుపు. ఆ పేరును 1854లో జర్మనీ వైద్యుడు రుడాల్ఫ్ విర్షో పెట్టెను. తొడుగులేని సన్నని తంతువులో సంకేతము సెకనుకు సుమారు ఒక మీటరు నడచును. మందమైన తొడుగుగల లావు తంతువులో 50 మీటర్లకు మించి పరుగెత్తును.

చేతికి సంబంధించిన ముఖ్యమైన కట్ట మెదడు పైపొరనుండి వెన్నుపాములోనికి దిగును. ఒక్కొక్క ప్రక్క నిందు సుమారు 10 లక్షల తంతువులు గలవు. మజ్జాముఖము కడ వీనిలో నూటికి 85 మొదలు 90 వరకు ఎదుటి ప్రక్కకు దాటును. కుడిచేతిని ఎడమ మెదడు నడపుట కిదియే కారణము. 1968లో లారెన్స్, కైపర్స్ అను పరిశోధకులు కోతులలో ఈ కట్టను రెండు ప్రక్కలను తెంచి చూచిరి. కొంతకాలమునకు కోతులు నడచినవి, ఎగబ్రాకినవి. కాని బొటనవ్రేలు, చూపుడువ్రేలు కలిపి చిన్న తినుబండారమును తీసికొనలేకపోయినవి. వ్రేళ్లను విడివిడిగా ఆడించు నేర్పునకు ఈ బాటయే ఆధారమని దీనివలన తేలినది.

వ్రాతకు ఈ యొక్క బాటయే చాలదు. కంటితో చూచిన అక్షరరూపమును చేతి నడకగా మార్చుటకు మెదడు వెనుకభాగములను ముందుభాగముతో కలుపు కట్టలు వేరుగా గలవు. ఒక చేత పలక పట్టి, రెండవచేత దిద్దుటకు మెదడు రెండు సగములను జోడించు వంతెన తోడ్పడును. అందు సుమారు 20 కోట్ల తంతువులు గలవు. చేయి తప్పినచోట సవరించుటకు చిన్నమెదడుతో సంబంధము వలయును.

శిశువు పుట్టునాటికి ఈ బాటలన్నియు సిద్ధముగా నుండవు. తొడుగు మొదటి రెండేండ్లలో వేగముగాను, పిమ్మట నెమ్మదిగా యౌవనము వరకును పెరుగును. సాధనవలన కూడ తెల్లని పదార్థము మారుచున్నది. 2009లో ఆక్స్‌ఫర్డు పరిశోధకులు పెద్దవారికి మూడు బంతుల నెగురవేసి పట్టుకొను విద్యను ఆరువారములు నేర్పగా, కన్నును చేతిని సమన్వయించు తావున ఆ పదార్థము మారినట్లు కనబడెను. 2005లో స్టాక్‌హోమ్ పరిశోధకులు పియానో విద్వాంసులను పరీక్షించి, బాల్యమున చేసిన సాధనకును ఈ బాటల స్థితికిని సంబంధము గలదని చూపిరి.

ఇక మన పిల్లల సంగతి. ఇంటిభాష తెలుగు, రాష్ట్రభాష కన్నడము, వీనికి తోడు ఇంగ్లీషు. తెలుగు తలకట్టు ఒక తీరు, కన్నడ తలకట్టు మరియొక తీరు. తెలుగు పుస్తకములో బాలుడు కన్నడ తలకట్టు పెట్టినచో అది సోమరితనము కాదు. చేయి అలవాటుపడిన బాటను పట్టినది, అంతియే. రెండు బాటలు వేరుపడుటకు వ్యవధి కావలయును. ఇంతమాత్రమునకు తెలుగు మాన్పింపవలెనని తలపవలదు.

ఒక పొరపాటును మేమే చేసితిమి. ఉద్యోగమున చేరిన క్రొత్తలో ఒక బాలుని ఎడమచేతినుండి బలపము లాగి కుడిచేత పెట్టుచుంటిమి. వినకున్న వ్రేళ్లపై కొట్టితిమి. వాని వ్రాత బాగుపడలేదు సరికదా, పలక తీయుటకే జంకసాగెను. చేతివాటము మెదడు అమరికకు సంబంధించినదని మాకు తరువాత తెలిసినది. ఆ బాలునికి మేము క్షమాపణ చెప్పుకొనలేదు. ఆ ఋణమును తీర్చుకొనుటకే యీ వ్యాసము.

కావున తలిదండ్రులకు మా మనవి. దినమునకు పదునైదు నిమిషములు మాత్రమే, అలసట కలుగకముందే ఆపుచు, దిద్దింపుడు. బియ్యములో వ్రేలితో వ్రాయింపుడు. పూలు గ్రుచ్చుట, చిక్కుడుకాయలు ఒలుచుట వంటి పనులలో చేర్చుకొనుడు. ఎడమచేతివాటము మార్పకుడు. చక్కగా వ్రాయు బిడ్డకు ఆకస్మికముగా చేయి తప్పినను, ఒకచేయి బలహీనమైనను వెంటనే వైద్యునికి చూపుడు.

కాలిబాట నడువగా నడువగా ఏర్పడును. బిడ్డ చేతి బాటయు నట్టిదే. దానిని వేయువాడు బిడ్డయే. ఓపికతో వెంట నుండవలసినవారము మీరును, మేమును.