ఉబ్బసం పిల్లలకు ఊపిరి పరీక్ష

"ఇప్పుడు ఆయాసం లేదు కదా సిస్టర్, ఇన్‌హేలర్ ఆపేయవచ్చా?" అని తల్లులు మమ్మల్ని తరచుగా అడుగుతుంటారు. రెండు వారాలు బిడ్డ హాయిగా నిద్రపోతే చాలు, మందు మాన్పించమని ఇంట్లో పెద్దవాళ్లు కూడా తొందరపెడతారు. కాని పిల్లికూతలు ఆగినంత మాత్రాన శ్వాసనాళాల లోపలి వాపు తగ్గినట్లు కాదు. ఆ వాపు మిగిలి ఉంటే, జలుబో, దుమ్మో, దీపావళి పొగో తగిలిన రాత్రి నాళాలు ఒక్కసారిగా బిగుసుకుపోతాయి. ప్రాణం మీదికి వస్తుంది.

ఈ వాపు స్టెతస్కోపులో వినబడదు. బిడ్డ వదిలే గాలిలో మాత్రం దాని జాడ దొరుకుతుంది. అలర్జీ వల్ల వాచిన శ్వాసనాళాలు నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును ఎక్కువగా తయారు చేస్తాయి. ఉబ్బసం ఉన్నవారి ఊపిరిలో ఇది ఎక్కువని స్వీడన్ శాస్త్రజ్ఞులు 1993లో తెలిపారు. దీన్ని కొలిచే యంత్రానికి అమెరికాలో 2003లో అనుమతి వచ్చింది. మన నగరాల్లో కొన్ని పెద్ద ఆసుపత్రుల్లో కూడా ఈ పరీక్ష చేస్తున్నారు. 'ఫెనో' అంటారు.

సూది లేదు, రక్తం తీయరు. బిడ్డ నిండుగా గాలి పీల్చి, గొట్టంలోకి 4 నుండి 6 సెకన్లు ఒకే వేగంతో ఊదాలి. బూర ఊదినట్లు కాదు, వేడి పాలు చల్లార్చినట్లు మెల్లగా. ఐదేళ్ల లోపు పిల్లలకు ఇది కుదరడం కష్టం. పరీక్షకు గంట ముందునుండి ఏమీ తిననీయకండి, తాగనీయకండి. పాలకూర, బీట్‌రూట్ అంకెను పెంచుతాయి, ఆ రోజుకు వాటిని మానేయండి.

పిల్లల్లో వంద కోట్ల పాళ్ల గాలికి ఈ వాయువు 20 పాళ్ల లోపు ఉంటే తక్కువ, 35 దాటితే ఎక్కువ. ఎక్కువ వచ్చిందంటే మందు చాలడం లేదని కంగారు పడకండి. రోజూ వేస్తున్నారా, స్పేసర్‌తో సరిగా పీలుస్తున్నాడా అన్నదే ముందు చూడాలి. ముక్కు అలర్జీ ఉన్నా అంకె పెరుగుతుంది. తక్కువ వస్తే ఉబ్బసం లేదనీ కాదు. అందుకే అంకె ఒక్కటే చూసి మందు మార్చరు. సుమారు మూడు నెలలు నిలకడగా ఉంటే డాక్టరే మెల్లగా తగ్గిస్తారు.

ఆ యంత్రం అందుబాటులో లేనివారు ఇంట్లో పీక్ ఫ్లో మీటరు పెట్టుకోండి. ఖరీదు తక్కువ. ఇది వాపును కొలవదు, నాళాలు ఎంత బిగిశాయో చూపుతుంది. ఇందులో మాత్రం గట్టిగా, ఒక్కసారిగా ఊదాలి. బిడ్డ బాగున్నప్పుడు వచ్చిన పెద్ద అంకెను రాసి ఉంచండి. అందులో 80 శాతం కంటే దిగితే డాక్టరుకు చూపించండి. సగం కంటే దిగితే ఆయాసం తగ్గించే ఇన్‌హేలర్ ఇచ్చి వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

మాట పూర్తిచేయలేకపోతున్నా, పక్కటెముకలు లోపలికి లాగుతున్నా, పెదవులు నీలంగా మారినా మీటరు కోసం వెతక్కండి. ఇన్‌హేలర్ ఇస్తూనే బయలుదేరండి.