కఫీల్ అంటే యజమాని కాదు, హామీదారు

నిజామాబాద్, జగిత్యాల, కడప, రాయచోటి, హైదరాబాద్ పాతబస్తీ... ఏ మొహల్లాకు వెళ్ళినా గల్ఫ్‌లో ఉన్నవారో, ఉండి వచ్చినవారో కనిపిస్తారు. వారి నోట తరచూ వినిపించే మాట 'కఫీల్'. వీసా ఇచ్చిన సేఠ్ అనే అర్థంలోనే మనం ఈ మాటను వాడుతున్నాం. దీని అసలు భావమేమిటో, కఫీల్ మీద ఉన్న బాధ్యత ఏమిటో ప్రయాణానికి ముందే తెలుసుకోవడం మనకు ఎంతో అవసరం.

మాటకు అసలు అర్థం

'కఫాలత్' అంటే ఒకరి బాధ్యతను తన మీద వేసుకోవడం. హజ్రత్ మర్యమ్ (అలై) సంరక్షణ హజ్రత్ జకరియ్యా (అలై)కు దక్కిన సందర్భంలో దివ్యఖుర్ఆన్ (3:37) ఈ ధాతువు నుండి వచ్చిన పదాన్నే వాడింది. అనాథకు కఫీల్‌గా ఉండేవాడు స్వర్గంలో రెండు వేళ్ళ మాదిరిగా తనకు దగ్గరగా ఉంటాడని దైవప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు (బుఖారీ).

అయితే గల్ఫ్ దేశాల్లో కార్మికుని నివాస అనుమతి యజమానితో ముడిపడి ఉంది. ఇఖామా చేయించవలసిందీ అతడే, పని వదలి పారిపోయాడని ఫిర్యాదు చేయగలిగేదీ అతడే. ఆసరా కావలసిన ఈ బాధ్యతను కొందరు అధికారంగా మార్చుకున్నారు. జుల్మ్ మొదలయ్యేది అక్కడే.

మద్‌యన్‌లో కుదిరిన ఒప్పందం

హజ్రత్ మూసా (అలై) ప్రాణభయంతో ఈజిప్టు వదలి మద్‌యన్ చేరారు. అక్కడ ఆయనకు ఇల్లు లేదు, అయినవాళ్ళు లేరు. ఇద్దరు స్త్రీల పశువులకు నీళ్ళు తోడి పెట్టారు. వారి తండ్రి ఆయన్ను పిలిపించి తన షరతులు ముందే చెప్పారు. ఎనిమిదేళ్ళు పని చేయాలి, పదేళ్ళు పూర్తి చేస్తే అది మూసా ఇష్టం. బదులుగా కుమార్తెతో వివాహం. ఇబ్బంది పెట్టబోనని కూడా ఆ పెద్దాయన మాట ఇచ్చారు. రెండు గడువుల్లో ఏది పూర్తి చేసినా తన మీద ఒత్తిడి ఉండకూడదని మూసా (అలై) స్పష్టం చేశారు. అల్లాహ్‌ను సాక్షిగా పెట్టుకున్నారు (28:22-28).

గడువు, ప్రతిఫలం, పనికి హద్దు, సాక్ష్యం. ఈ నాలుగూ ముందే తేలిపోయాయి. నిలువ నీడలేని పరదేశి కదా అని ఆ యజమాని ఆయన అవసరాన్ని వాడుకోలేదు. అవసరంలో ఉన్నాను కదా అని మూసా (అలై) కూడా షరతులు తేల్చకుండా ఒప్పుకోలేదు. మనం నేర్చుకోవలసిన పాఠం ఇదే. గడువుతో కూడిన అప్పు లావాదేవీలను రాసుకోమని అల్లాహ్ ఆదేశించాడు (2:282). మరి ఏళ్ళ తరబడి కష్టాన్ని నోటిమాట మీద అప్పగించవచ్చా?

ప్రయాణానికి ముందు

ఒప్పంద పత్రంలో పని, జీతం, గడువు, వసతి రాసి ఉన్నాయో లేదో చూడాలి. సౌదీ, యూఏఈలలో తగాదా వస్తే అరబీ ప్రతి మాటే చెల్లుతుంది. కనుక సంతకానికి ముందు అరబీ బాగా తెలిసినవారి చేత దాన్ని చదివించుకోవాలి.

'ఆజాద్ వీసా' అనేది ఏ చట్టంలోనూ లేదు. ఒకరి పేరు మీద వెళ్ళి మరొకరి దగ్గర అనుమతి లేకుండా పని చేయడం నేరం. జరిమానా, జైలు, దేశ బహిష్కరణ తప్పకపోవచ్చు. ఇలాంటి వీసా కోసం వడ్డీకి అప్పు చేసి, ఇంట్లో స్త్రీల నగలు తాకట్టు పెట్టడం ఎంత నష్టమో ఆలోచించండి. ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉన్న ఏజెంటు 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మించి సేవా రుసుము తీసుకోకూడదు. పదో తరగతి లేనివారు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకునే వెళ్ళాలి. దానితోపాటే ప్రవాసీ భారతీయ బీమా ఉంటుంది. ప్రమాదంలో మరణిస్తే కుటుంబానికి 10 లక్షల రూపాయలు వస్తాయి. విజిట్ వీసా మీద పనికి వెళ్ళేవారికి ఈ రక్షణ ఉండదు.

మారిన చట్టాలు

కతర్ 2020లో, పాత యజమాని అనుమతి లేకుండానే ఉద్యోగం మారే వీలు కల్పించింది. 2021 నుండి నెలకు 1,000 రియాళ్ళ కనీస వేతనం అమలు చేసింది. సౌదీ 2021 మార్చి నుండి కొన్ని షరతులతో ఉద్యోగం మారే అవకాశం ఇచ్చింది. కాని ఇళ్ళలో పనిచేసేవారిని, ఇంటి డ్రైవర్లను, గొర్రెల కాపరులను ఆ సంస్కరణలో చేర్చలేదు. 2022 ఫిబ్రవరిలో అమలులోకి వచ్చిన యూఏఈ చట్టం పాస్‌పోర్టు లాక్కోవడాన్ని నిషేధించింది. మరోవైపు కువైట్‌లో ప్రైవేటు రంగంలోని విదేశీయులు దేశం దాటాలంటే యజమాని ఆమోదం ఉండాలనే నియమం 2025 జూలైలో వచ్చింది. అందుచేత ఒక దేశపు నియమం మరో దేశంలో చెల్లుతుందని అనుకోరాదు.

జీతం ఆగిపోతే

ఒప్పందాలను నెరవేర్చమన్న ఆదేశం (5:1) కార్మికునికీ వర్తిస్తుంది. అకారణంగా పని వదలి పోవడం విశ్వాసికి తగదు. యజమాని మోసం చేసినా పారిపోయి 'ఖల్లివెల్లి' కావద్దు. అలా చేస్తే న్యాయం మన వైపు ఉన్నా మనమే నేరస్థులుగా నిలబడవలసి వస్తుంది. ఒప్పందం, ఇఖామా, జీతం రసీదుల నకళ్ళు ఇంటికి పంపి ఉంచండి. అక్కడి కార్మిక శాఖలో, భారత రాయబార కార్యాలయంలో ఫిర్యాదు చేయండి. తిరిగి రాక తప్పకపోతే బకాయి కోసం పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చి రండి. 2020లో కరోనా సమయంలో ఎంతోమంది ఇది చేయకుండానే విమానం ఎక్కి, ఏళ్ళ కష్టార్జితాన్ని పోగొట్టుకున్నారు.

పని పూర్తిగా చేయించుకుని కూలి ఇవ్వనివానికి ప్రళయదినాన తానే ప్రతివాదిగా నిలబడతానని అల్లాహ్ హెచ్చరించిన సంగతిని దైవప్రవక్త (స) తెలిపారు (బుఖారీ). ఈ హెచ్చరిక అరబ్బు సేఠ్‌కు మాత్రమే కాదు. పని లేదని తెలిసీ సాటి ముస్లిముకు వీసా అమ్మే మన ఊరి సోదరుడు కూడా దీన్ని విని భయపడాలి. మస్జిద్ పెద్దలు, ఇమాములు ఈ విషయాన్ని జుమా ప్రసంగాల్లో చెబితే ఎన్నో ఇళ్ళు అప్పుల పాలు కాకుండా ఉంటాయి.

పరదేశంలో చెమటోడ్చే మన బిడ్డలకు అల్లాహ్ హలాల్ ఉపాధిని, న్యాయం తెలిసిన యజమానులను ప్రసాదించుగాక! ఆమీన్.